మంత్రి గారూ, క్యాన్సర్ తిరగబెట్టినప్పుడు గడ్డ ముక్క తీయించండి

కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం అండి,

హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో రొమ్ము క్యాన్సర్ కణాలు పెంచడం నా పని. పేరుకి రీసెర్చ్ గానీ సగం రోజు వాటికి మీడియం, అంటే అవి పెరిగే పోషక ద్రవం, మార్చడంతోనే సరిపోతుంది. మేం ఎక్కువగా వాడేది ఎంసీఎఫ్-7, 1970లో డెట్రాయిట్‌లో ఒక నన్ దగ్గర తీసిన కణాలు, ఆవిడ అదే ఏడాది పోయారు గానీ ఆ కణాలు ఇప్పటికీ ప్రపంచమంతా ఫ్లాస్కుల్లో పెరుగుతూనే ఉన్నాయి.

ఇవి ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్‌తో పెరుగుతాయి. వీటికి దాన్ని అడ్డుకునే టమాక్సిఫెన్ మందు కొంచెం కొంచెంగా డోసు పెంచుతూ నెలల తరబడి ఇస్తాం, చాలావరకు చచ్చిపోతాయి, మిగిలినవి మందున్నా పెరగడం మొదలుపెడతాయి, అప్పుడు వాటిలో ఏం మారిందో చూస్తాం. ఎంత సున్నితమంటే మీడియంకి గులాబీ రంగునిచ్చే ఫినాల్ రెడ్ కూడా వీటిమీద ఈస్ట్రోజన్‌లా పనిచేస్తుంది, అందుకే హార్మోన్ ప్రయోగాలకి రంగు లేని మీడియమే వాడాలి!

కానీ సార్, ఫ్లాస్కులో జరిగిందే మనిషిలోనూ జరుగుతుందని గ్యారంటీ లేదు కదా. ఒంట్లో ఈస్ట్రోజన్ తగ్గించే లెట్రోజోల్ లాంటి మాత్రలు ఏళ్ల తరబడి వాడాక కొందరిలో ఈఎస్ఆర్1 జీన్‌లో మార్పు వస్తుంది, ఇక ఈస్ట్రోజన్ లేకపోయినా దాని సిగ్నల్ అందుకునే రిసెప్టర్ ఆన్‌లోనే ఉంటుంది. ఈ మార్పు మొదటి గడ్డలో చాలా అరుదు, అంటే ఆపరేషన్ నాటి బ్లాకులు (మైనంలో దాచిన గడ్డ ముక్కలు) ఎన్నిసార్లు చూసినా దొరకదు. ఈ మార్పు వచ్చినవాళ్ల కోసమే ఎలాసెస్ట్రాంట్ అనే మందుకి అమెరికాలో 2023లో పర్మిషన్ వచ్చింది. ఇక్కడేమో జబ్బు తిరగబెట్టినా పాత రిపోర్టు పట్టుకునే మందు రాయించుకునేవాళ్లు ఉన్నారు, మళ్లీ బయాప్సీ అంటే ఖర్చు, భయం, వాళ్లని అనడానికేం లేదు.

2022 అంచనాల ప్రకారం దేశంలో ఆ ఒక్క ఏడాదే దాదాపు 1.92 లక్షల కొత్త రొమ్ము క్యాన్సర్ కేసులు. ఇంతమంది ఉండి కూడా మా ఫ్రీజర్లలో మన ఆడవాళ్ల కణాలు ఎన్ని ఉన్నాయని అడిగితే సిగ్గేస్తుంది.

ప్రభుత్వ క్యాన్సర్ హాస్పిటల్స్‌లో జబ్బు తిరగబెట్టినవాళ్లకి, డాక్టర్ కుదురుతుందన్న చోటల్లా, బయాప్సీ ఫ్రీగా చేయించండి. ముందు వాళ్ల ట్రీట్‌మెంట్‌కి కావాల్సింది తీశాక, ఒప్పుకుంటేనే మిగిలిన చిన్న ముక్క మాకివ్వండి. అదీ ముక్క కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్‌లో వేయకుండా, అందులో పడితే కణాలు చచ్చిపోతాయి, రిపోర్టుకి పనికొస్తుంది గానీ పెంచడానికి కాదు. ముందు ఒక్క హాస్పిటల్లో మొదలుపెట్టినా చాలు: కణాలు గడ్డకట్టించి దాచే ఒక నైట్రోజన్ ట్యాంక్, తెలుగులో అర్థమయ్యేలా రాసిన కన్సెంట్ ఫారం, దాన్ని ఓపిగ్గా చదివి వినిపించే ఒక నర్సు, థియేటర్ నుంచి ల్యాబ్‌కి ఐస్ బాక్స్‌తో వెంటనే బయల్దేరే ఒక మనిషి, ఆ మనిషికి నెలనెలా జీతం.

ఇట్లు,
ఒక ల్యాబ్ రీసెర్చర్