బాలింత మాత్రలపై అందరూ డాక్టర్లే

సంపాదకులకు,

బాలింతల డిప్రెషన్ గురించి రాసేవాళ్లు ‘కుటుంబం అండగా ఉండాలి’ అనేసి మందుల సంగతి దాటేస్తారు. పాలిచ్చే తల్లికి అసలు టెన్షన్ అక్కడే. నేను మాత్ర చేతిలోకి తీసుకుంటే చాలు, ‘పాలలోకి దిగదూ?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. దిగుతుంది. ఎంత దిగుతుందన్నదే ప్రశ్న. సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందు పాలలోకి చేరేది చాలా తక్కువ, అందుకే పాలిచ్చే తల్లులకు డాక్టర్లు తరచూ దాన్నే రాస్తారు. అన్ని మందులూ అలా కాదు. మూడ్‌ను అదుపులో ఉంచే లిథియం అనే మందు వాడుతూ పాలివ్వాలంటే బిడ్డకు రక్తపరీక్షలు తప్పవు. ఆ లెక్క తేల్చాల్సింది డాక్టరు, చూడ్డానికొచ్చిన చుట్టాలు కాదు.

పైగా ఇవి తలనొప్పి బిళ్లలు కావు, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. ‘ఇంకా ఏడుస్తూనే ఉందిగా’ అని మాన్పించినా, కాస్త నవ్వగానే ‘ఇక చాల్లే’ అన్నా నష్టమే. ఉన్నట్టుండి ఆపితే తల తిరుగుతుంది, నిద్ర పట్టదు, జబ్బు తిరగబెట్టనూ వచ్చు.

ప్రసవమయ్యాక రెండు వారాల్లోపు వచ్చిపోయే దిగులు వేరు. అంతకు మించి సాగితే అది డిప్రెషనేమో పసిగట్టడానికి 1987 నుంచీ ఎడిన్‌బరో ప్రశ్నావళి ఉంది. పది ప్రశ్నలే. చివరిది, తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అని. బిడ్డకు టీకా వేయించే రోజే తల్లి చేతికీ ఆ కాగితం ఇవ్వొచ్చు. ఇప్పుడైతే బిడ్డ బరువు తూస్తారు, తల్లిని ‘పాలు సరిపోతున్నాయా’ అని అడిగి పంపేస్తారు. లేని గొంతులు వినిపిస్తున్నా, చచ్చిపోవాలనో బిడ్డకు హాని చేయాలనో అనిపిస్తున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఈ మందుల గురించి మీ ఆరోగ్య పేజీలో ఒక సైకియాట్రిస్టు చేత వివరంగా రాయించండి.

– ఒక పాఠకురాలు