గుర్తు కట్టాకే పైపు పీకండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పాత కార్లు బాగుచేసుకునేవాళ్లకు సలహాలిస్తూ ఒక వ్యాసం వేశారు. తుప్పు, పెయింటు, సీట్ల గురించి రాసిందంతా బాగుంది. ‘ఇంజన్ చుట్టూ ఉన్న పాత సన్న పైపులన్నీ ముందే పీకి పారేసి కొత్తవి వేసుకోండి’ అన్న ఒక్క వాక్యం దగ్గర మాత్రం పేపరు పక్కన పెట్టేశాను. ఎందుకంటే మా అబ్బాయి సరిగ్గా ఆ పనే చేశాడు.

నేను ఆర్టీసీ గ్యారేజీలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మా వాడు టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాడు. పోయిన చలికాలం నేనూ మా ఆవిడా వెళ్లేసరికి వాళ్ల గ్యారేజీలో 1983 మోడల్ మెర్సిడెస్ 300డి టర్బో డీజిల్ ఉంది. అయిదు సిలిండర్ల ఇంజన్. డబ్ల్యూ123 అనే ఆ వరస కార్లు దాదాపు 27 లక్షలు తయారయ్యాయి, ఇప్పటికీ తిరుగుతున్నాయి. కారు కొన్న రోజున మా వాడు ఇంటిముందు ఆపి, తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాడట. ఇంజన్ ఆగలేదు. బానెట్ ఎత్తి, స్టాప్ అని రాసి ఉన్న మీట నొక్కితే గానీ నోరు మూయలేదు.

ఆ కారులో ఇంజన్ని ఆపేది కరెంటు కాదు, వాక్యూమ్, అంటే గాలి లాగేస్తే పైపులో పుట్టే పీల్పు. పెట్రోల్ ఇంజన్‌లో థ్రాటిల్ పలక గాలికి అడ్డం పడుతుంది కాబట్టి ఇంజన్‌లోకి గాలి వెళ్లే మానిఫోల్డు గొట్టంలో వాక్యూమ్ దానంతటదే పుడుతుంది. ఈ డీజిల్ ఇంజన్‌కు ఆ పలక ఉండదు. అందుకని ఇంజన్ ముందువైపు వాక్యూమ్ పంపు ఒకటి పెట్టారు. దాన్నుంచి బ్రేకు తొక్కడం తేలిక చేసే బూస్టరుకు లావు పైపు. ఆ లావు పైపు నుంచి సన్నవి చీలి ఇంజన్ తాళానికి, డోర్ లాకులకు, గేర్‌బాక్సుకు, డ్యాష్‌బోర్డు లోపల ఏసీ మూతలకు వెళ్తాయి. కీ ఆఫ్ చేస్తే వాక్యూమ్ ఇంజెక్షన్ పంపు వెనకున్న చిన్న డబ్బాకు అంది డీజిల్ ఆగిపోతుంది. అందరూ ఒకే బావిలో తోడుకుంటున్నారన్నమాట. వెనక తలుపులో రబ్బరు చిరిగినా వాక్యూమ్ అక్కడే పోయి, ముందున్న ఇంజన్ ఆగదు. తలుపుకీ ఇంజన్‌కీ ఏమిటి మామయ్యా సంబంధం అని మా కోడలు నవ్వింది. నేనూ మొదట నమ్మలేదు.

మా వాడికి సంగతి సగమే అర్థమైంది. ఒక శనివారం కూర్చుని సన్న పైపులన్నీ పీకి కవర్లో వేశాడు. పీకేముందు తీసిన ఫొటోలు రెండు. ఒకదాంట్లో వాడి బొటనవేలే ఎక్కువ కనపడుతోంది. అంతకుముందు యజమాని రెండు పైపుల మూతిలో చెక్క మేకులు కొట్టి ఉంచాడు. గోల్ఫ్ బంతి కింద పెట్టే పుల్లలట. మన షెడ్లలో ఆ పని బోల్టు చేస్తుంది, లేకపోతే రీఫిల్ ముక్క.

మొదటిరోజు నేనూ తప్పే చేశాను. బస్సు బ్రేకుల్లో ఏడెనిమిది కిలోల ఒత్తిడితో గాలి ఉంటుంది, ఎక్కడ కారినా సబ్బు నురగ రాస్తే బుడగ లేస్తుంది. చేతికి అదే అలవాటు. ఇక్కడ నురగ రాస్తే ఒక్క బుడగా లేవలేదు. బుడగ ఎలా వస్తుంది? వాక్యూమ్‌లో గాలి బయటికి పోదు, లోపలికి వెళ్తుంది. ముప్పై ఏళ్ల అనుభవం అక్కడ అడ్డం తిరిగింది.

తర్వాత పాత పద్ధతికి వచ్చాను. పైపు ఒక చివర వేలితో మూసి, రెండో చివర నోటితో పీల్చి నాలుక ఆనిస్తే, బాగున్న పైపు నాలుకను పట్టుకుని వదలదు. అది చూసి మా వాడు సిగ్గుపడి గేజీ ఉన్న, గాలి లాగే చేతి పంపు కొనుక్కొచ్చాడు. మా ఆవిడ చీరల ఫాల్స్ కోసం తెచ్చుకున్న దారపు రీళ్లు తీసుకుని ప్రతి పైపుకూ రెండు చివరలా ఒకే రంగు దారం కట్టాను.

వ్యాసం రాసినవారు గమనించాల్సింది ఇదే. ఆ కారులో పైపులన్నీ రబ్బరు కాదు. పొడుగు పైపులు గట్టి ప్లాస్టిక్‌వి, నలభై ఏళ్లయినా చెడలేదు. కుళ్లేవి చివర్లలో ఉండే రబ్బరు తొడుగులు. ఆ ప్లాస్టిక్ మీద రంగులు ఉంటాయి. తాళం దగ్గరకు వెళ్లేది గోధుమ రంగు, తాళం నుంచి ఇంజన్ ఆపే డబ్బాకు వచ్చేది గోధుమ మీద నీలం గీత, లాకులవి పసుపు. వేడికి రంగు వెలిసిపోయినా తొడుగు తీసి చూస్తే దాని కింద అంగుళం మేర కొత్తదానిలాగే ఉంది. కవర్లోవి పారేసి ఉంటే ఆ మ్యాపు కూడా చెత్తలోకి పోయేది. మాన్యువల్‌లో దొరికిన బొమ్మ వేరే ఏడాది బండిది, రెండు పైపులు తేడా.

అయిదు వారాంతాలు పట్టింది. ఒక్కో పైపు శాఖనూ మూసి గేజీ చూసుకుంటూ పోతే కుడివైపు వెనక తలుపు దగ్గర గేజీ ముల్లు నిలవలేదు. డోర్ ప్యాడ్ విప్పితే లాకు డబ్బాలో డయాఫ్రం అనే రబ్బరు పొర బీటలు. ఆ ఒక్క శాఖ మూయగానే తాళం తిప్పిన వెంటనే ఇంజన్ ఆగింది.

ఇదేదో అమెరికా బెంజి గొడవ అనుకోవద్దు. మా తెనాలిలో పాత పెట్రోల్ అంబాసిడర్ ఒకటి షెడ్డుకు వస్తుంది. కార్బురేటర్ నుంచి, సిలిండర్లకు స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లాల్సిన సన్న పైపు లేదు, దాని చోట చిన్న స్క్రూ ఉంది. బండి నడుస్తుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. కానీ రోడ్డు మీద సాఫీగా పోయేటప్పుడు స్పార్కు ముందుకు జరగక పెట్రోల్ ఊరికే తాగుతుంది. ఓనరేమో పాత బండి ఇంతే తాగుతుందిలే అంటాడు.

కాబట్టి వచ్చే ఆదివారం చిన్న సవరణ వేయండి. ఒక పైపు తీసి, గుర్తు కట్టి, దాని బదులు కొత్తది తొడిగాకే రెండోదాని మీద చెయ్యి వేయమనండి.

నిజాయితీగా ఇంకొకటి కూడా చెప్పాలి. కొత్త డయాఫ్రం వచ్చేలోపే మా తిరుగు ప్రయాణం వచ్చేసింది. ఆ వెనక తలుపు పైపుకు మేమూ గోల్ఫ్ పుల్లే కొట్టాం. కాకపోతే దానికి ఎర్ర దారం కట్టి, ‘ఇది తాత్కాలికం, లీకు తలుపులో ఉంది’ అని తెలుగులో చీటీ రాసి పెట్టాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ మెకానిక్,
తెనాలి