మీ ప్యాకెట్‌లో ఉన్నది ఏ మాంసమో చెప్పండి

మొగల్రాజపురం,
విజయవాడ.

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: పిల్లుల డ్రై ఫుడ్ ప్యాకెట్ మీద పదార్థాల వివరాలు సరిగా లేకపోవడం, మీ కస్టమర్ కేర్ వాళ్లు ఇచ్చిన ప్రమాదకరమైన సలహా గురించి.

అయ్యా,

మీ వెబ్‌సైట్‌లోనే ఆర్డర్ పెట్టి ‘ఓషన్ ఫిష్’ డ్రై ఫుడ్ చాలాకాలంగా తెప్పించుకుంటున్నాను. మా ఇంట్లో రెండు పిల్లులు, పండు, మల్లి. రెండూ ఫ్లాట్ గడప దాటవు, బాల్కనీకి కూడా నెట్ కొట్టించాం. రెండూ తినేది మీ తిండే. పండుగాడికి ఏమీ లేదు. మల్లికి మాత్రం పొట్ట కింద, వెనక కాళ్ల లోపలి వైపు బొచ్చు మొత్తం పోయి గులాబీ రంగు చర్మం బయటపడింది. మెడ దగ్గర వేలితో తడిమితే ఎండి పెచ్చు కట్టిన చిన్న చిన్న పొక్కులు తగులుతాయి. తెల్ల పిల్లి కావడంతో, అదేపనిగా నాకిన చోటల్లా మిగిలిన బొచ్చు తుప్పు రంగుకి తిరిగింది.

మీ తిండి వల్లే మల్లికి జబ్బు చేసిందని నేను అనడం లేదు. ఆ సంగతి మా డాక్టరు గారికే ఇంకా తేలలేదు. తేలకపోవడానికి కారణం మాత్రం మీరే. నా ఫిర్యాదు దాని గురించే.

మొదట మీ చాట్‌లో ఫోటోలు పంపాను. ‘డియర్ పెట్ పేరెంట్’ అంటూ క్షణంలో జవాబు వచ్చింది. ఎండాకాలంలో పిల్లులు బొచ్చు రాల్చడం మామూలేనట, కంగారు పడొద్దట. విజయవాడ ఎండల గురించి మాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. మా పండు ఏడాది పొడుగునా సోఫా నిండా బొచ్చు రాలుస్తూనే ఉంటాడు. ఇంట్లో లైట్ల కింద బతికే పిల్లులకి కాలంతో పెద్దగా పని ఉండదు. అలా రాలినప్పుడు ఒళ్లంతా కాస్త పలచబడుతుందే తప్ప, ఒకచోట గుండు గీసినట్టు అవదు. మీరు ఆ ఫోటోలు తెరిచి చూశారని నేను అనుకోను.

డాక్టరు గారు మాత్రం చూశారు. మల్లి పొట్ట మీద మిగిలిన నాలుగు వెంట్రుకలు పీకి మైక్రోస్కోప్ కింద పెట్టి, నన్ను కూడా చూడమన్నారు. కుదుళ్లు బాగానే ఉన్నాయి. కొసలు మాత్రం సన్నగా ముగియాల్సింది పోయి, మొద్దుగా తెగి చీలిపోయి ఉన్నాయి. అంటే బొచ్చు దానంతట అది రాలలేదు, మల్లే నాకి నాకి తెంపేసుకుంది. పిల్లి నాలుక మీద వెనక్కి వంగిన సన్నటి ముళ్లుంటాయి, ఆగకుండా నాకితే ఎంత బొచ్చయినా తెగుతుంది. రూఢి చేసుకోవడానికి, ఒళ్లు నాక్కోకుండా మెడకి గరాటు లాంటి కోన్ కట్టారు. కోన్ ఉన్నన్నాళ్లూ పొట్ట మీద నూగు మొలిచింది, విప్పగానే మళ్లీ పోయింది. హార్మోన్ల తేడా అయితే కోన్ కట్టినంత మాత్రాన మొలవదు. కాబట్టి దానికి దురద ఉంది. దురద దేనివల్ల అన్నది తేలాలి.

ఇంట్లోనే ఉండే పిల్లికి పేలెక్కడివి అని నేనూ అడిగాను. ఫ్లీస్ అనే ఆ గెంతే పేలు మన బట్టలతో కూడా లోపలికి వస్తాయట. అలర్జీ ఉన్న పిల్లికి ఒకటి రెండు కాట్లు చాలు. పైగా పిల్లి వాటిని నాకి మింగేస్తుంది కాబట్టి ఒంటి మీద కనపడవు. అందుకని సన్న పళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్ల నలుసుల్ని తడిపిన తెల్ల కాగితం మీద వేశారు. పేల మలమైతే అందులో రక్తం ఉంటుంది కాబట్టి కాగితం మీదకి ఎర్రగా దిగుతుంది. దిగలేదు. అయినా అనుమానం మిగలకూడదని పిల్లుల కోసమే తయారైన మందు రెండింటికీ నెలనెలా మెడ మీద వేయించారు. తామర కోసం ఊడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం కింద పెట్టి చూశారు, మెరవలేదు. అన్ని రకాల తామరా ఆ దీపానికి మెరవదు కాబట్టి, తామర బూజు మొలుస్తుందేమో చూడడానికి ల్యాబ్‌లో కల్చర్‌కి పంపి వారాల తరబడి ఆగాం, నెగిటివ్ వచ్చింది. చర్మం గీరి చూస్తే మైట్స్ అనే కంటికి కనపడని పురుగులూ లేవు. ఏలూరు కాలువ దోమలు ఈ ఊళ్లో ఎవరినీ వదలవు గానీ, పిల్లులకి దోమకాటు అలర్జీ ఎక్కువగా ముక్కు మీద, చెవుల మీద కనిపిస్తుంది. మల్లికి అక్కడ ఏమీ లేదు.

ఈ రిపోర్టులన్నీ మీకు మెయిల్ చేశాను. ఈసారి మీ జవాబు ‘స్ట్రెస్’. ఇంట్లో ఒంటరిగా బోరు కొట్టి నాక్కుంటోందని చెప్పి, కింద మీరే అమ్మే కామింగ్ స్ప్రే లింక్ పెట్టారు. టెన్షన్‌తో నాక్కునే పిల్లులు ఉండవని కాదు. అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ పత్రికలో 2006లో ఒక అధ్యయనం వచ్చింది. మనసు బాగాలేకే నాక్కుంటున్నాయని అనుకున్న 21 పిల్లుల్ని పూర్తిగా పరీక్షిస్తే, 16 పిల్లులకి ఒంట్లో జబ్బే కారణమని తేలింది. మూడింటికి రెండూ ఉన్నాయి. కేవలం మనసుకి సంబంధించినవి రెండే రెండు. మొత్తం 21లో 12 పిల్లులకి తిండి పడలేదు. పిల్లుల తిండి అమ్మే కంపెనీకి ఇది నేను చెప్పాల్సి రావడం ఏమిటో నాకు అర్థం కాలేదు.

తిండి పడుతోందా లేదా అన్నది తేల్చే రక్తపరీక్షలు నమ్మదగ్గవి కావు. ఉన్న దారి ఒక్కటే. ఇప్పటిదాకా ఎప్పుడూ తినని మాంసం ఒకటి ఎంచుకుని, 8 వారాల పాటు అది తప్ప ఇంకేమీ పెట్టకూడదు. దురద తగ్గితే పాత తిండి మళ్లీ పెట్టి చూడాలి. మళ్లీ మొదలైతే సంగతి తేలినట్టే. డాక్టరు గారు నన్ను అడిగింది ఒక్క ప్రశ్న: “మల్లి ఇప్పటిదాకా తినని మాంసం ఏదమ్మా?”

నేను చెప్పలేకపోయాను. మీ ప్యాకెట్ వెనక చూడండి. “ధాన్యాలు, మాంసం మరియు మాంస ఉపఉత్పత్తులు, చేప మరియు చేప ఉపఉత్పత్తులు, నూనెలు, విటమిన్లు, ఖనిజాలు, అనుమతించిన రంగులు.” మాంసం అంటే ఏ మాంసం? కోడా, మేకా, గొర్రా, పందా, గొడ్డా? ముందు వైపు అంత పెద్ద చేప బొమ్మ వేసి ఓషన్ ఫిష్ అన్నారు, వెనక చూస్తే చేప మూడో స్థానంలో ఉంది. ఆ చేప ఏదో కూడా లేదు.

మీరు మొదటినుంచీ ఇలా లేరు. ప్యాకెట్ రంగు మార్చక ముందు కోడి మాంసం పొడి, మొక్కజొన్న, బియ్యం, ట్యూనా అని విడివిడిగా ఉండేది. మీ పాత సంచి జిప్ గట్టిగా ఉందని మా అత్తయ్యగారు అందులో కుంకుడుకాయలు పోసి దాచారు కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి చూడగలిగాను. కొత్త సంచి మీద ‘సరికొత్త రుచి’ అని ఉంది. ఏం కొత్త కలిసిందో లేదు. ‘ప్రోటీన్ 30 శాతం’ అని మాత్రం దూరానికి కనపడేలా వేశారు. అలర్జీ శాతాన్ని చూసి రాదు, ఆ ప్రోటీన్ ఏ జంతువుదో దాన్ని బట్టి వస్తుంది. కొత్త సంచి వచ్చాకే జబ్బు మొదలైందని కూడా నేను వాదించను, ఏళ్ల తరబడి తింటున్న తిండే ఒకరోజు పడకుండా పోవచ్చట. అందుకే పాతదీ కొత్తదీ రెండింటి వివరాలూ కావాలి.

ఫోన్ చేసి అడిగితే “అది మా ట్రేడ్ సీక్రెట్ మేడమ్” అన్నారు. నేను కొలతలు అడగలేదు. ఎంత వేస్తారో, ఎలా వండుతారో నాకక్కర్లేదు. ఏ జంతువు మాంసమో చెప్పమన్నాను. వెంటనే ఇంకో మాట: “మీ రెండో పిల్లి కూడా ఇదే తింటోంది కదా, దానికేం కాలేదు కదా!” మా ఇంట్లో వంకాయ కూర అందరం తింటాం, మా బాబాయికి ఒక్కడికే ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. అలర్జీ అంటే అదే. నిజానికి పండుకి ఏమీ కాకపోవడం వల్లే అంటుకునే జబ్బుల మీద అనుమానం తగ్గిందని డాక్టరు గారు అన్నారు.

చివరికి చీకట్లో రాయి వేసినట్టు మటన్ ఎంచుకున్నాం. మా ఇంట్లో దానికి ఎప్పుడూ మటన్ పెట్టలేదు కాబట్టి. ఉప్పు కూడా లేకుండా ఉడికించి, ఉట్టి మాంసం పిల్లికి చాలదు కాబట్టి డాక్టరు గారు రాసిన కాల్షియం, టారిన్ అనే పోషకం కలిపి 8 వారాలూ పెట్టాం. పండు గిన్నెలో తిండి మల్లి ముట్టకుండా వేరే గదుల్లో పెట్టి తలుపులేసి కాపలా కాశాం. నెయ్యి పూసిన వేలు కూడా నాకనివ్వలేదు. పక్కింటావిడ కొబ్బరినూనె రాయమంటే అదీ వద్దన్నాం, రాసిన మరుక్షణం నాకేస్తుంది. దురద స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో త్వరగా అణిగేదే, కానీ అణిగిపోతే తిండి సంగతి తేలదని, పదేపదే వేస్తే షుగర్ వచ్చే ప్రమాదం ఉందని అదీ ఆపారు. ఇంత చేసినా మల్లి పొట్ట అలాగే ఉంది.

ఇప్పుడు దీనికి రెండే అర్థాలు. ఒకటి, మల్లి దురదకి తిండి కారణం కాదు, ఇంట్లో దుమ్ము లాంటివి చూసుకోవాలి. రెండు, మీరు ‘మాంసం’ అన్నదాంట్లో మేకో గొర్రో ముందునుంచీ ఉంది, దానికి పడనిదే మేం 8 వారాలు ముద్దలు చేసి పెట్టాం. ఈ రెండిట్లో ఏది నిజమో మీ ఫ్యాక్టరీలో ఒకే ఒక్క రిజిస్టరు తెరిస్తే తెలిసిపోతుంది. ఆ ఒక్క ముక్క కోసం ఒక పిల్లి ఒళ్లు నాక్కుంటూ కూర్చుంది.

ఇక రెండో ఫిర్యాదు. నా దృష్టిలో ఇది మొదటిదానికంటే పెద్దది. మీ కస్టమర్ కేర్ అబ్బాయి ఫోన్‌లో, “పేలేమో మేడమ్, మా టిక్ స్ప్రే ఉంది, కొట్టి చూడండి” అన్నాడు. అది కుక్కల స్ప్రే కదా అంటే, “కొంచెం కొడితే ఏమీ కాదు” అన్నాడు. ఆ డబ్బా మీద పెర్మెత్రిన్ అని ఉంది. కుక్క తట్టుకునే ఆ మందుని పిల్లి లివర్ సరిగా విరగ్గొట్టలేదు. ఒళ్లు వణికి, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. రోజంతా ఒళ్లు నాక్కునే పిల్లి మీద అది కొట్టమన్నారు. నేను కొట్టలేదు. మీ మాట నమ్మి కొట్టేవాళ్లు ఎంతమంది ఉంటారు? పిల్లులకి వాడకూడదన్న హెచ్చరిక డబ్బా మీద భూతద్దం పెడితే గానీ కనపడదు.

అదే కాల్‌లో, ప్రోటీన్‌ని సన్నగా విడగొట్టి చేసే ఖరీదైన అలర్జీ డైట్ ఫుడ్ కొనమన్నాడు. అది మంచిదే, డాక్టరు గారూ ఆ మాట అన్నారు. కానీ మల్లి వాసన చూసి వెనక్కి తిరిగింది. దానికి అతని సలహా: “రెండు మూడు రోజులు ఏమీ పెట్టకండి, ఆకలేస్తే అదే తింటుంది.” పిల్లి కొన్ని రోజులు తినకుండా ఉంటే లివర్‌లో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. పశువైద్య కళాశాల పక్కనే గన్నవరంలో ఉంది, మా ఊళ్లో అడిగి తెలుసుకోవడం కష్టమేమీ కాదు. మీరు ఎవరినీ అడక్కుండా సలహాలిస్తున్నారు.

నాకు కావలసింది ఇది. ఫోటోల్లో బ్యాచ్ నంబర్లు కనపడుతున్న రెండు ప్యాకెట్లలోనూ ఏయే జంతువుల మాంసం, ఏయే చేపలు, ఏ నూనెలు ఉన్నాయో పేర్లతో సహా రాతపూర్వకంగా పంపండి. మేక, గొర్రె ఉన్నాయా లేవా అన్నది సూటిగా చెప్పండి. దొరికినదాన్ని బట్టి బ్యాచ్‌కో మాంసం కలుపుతుంటే ఆ సంగతీ దాచకుండా చెప్పండి. ఇకముందు వచ్చే ప్యాకెట్ల మీద ఆ పేర్లు వేయండి. స్ప్రే డబ్బా మీద హెచ్చరిక పెద్ద అక్షరాలతో తెలుగులోనూ వేయండి. పిల్లుల గురించి ఫోన్‌లో మందులు చెప్పొద్దని మీ సిబ్బందికి ఆదేశాలిచ్చి, దాని కాపీ నాకు పంపండి. సీలు తీయని ప్యాకెట్లు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వండి. డిస్కౌంట్ కూపన్లు మాత్రం పంపకండి, ఇదివరకే ఒకటి పంపారు.

కొన్న సరుకు నాణ్యత, పరిమాణం, స్వచ్ఛత గురించి తెలుసుకునే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టం నాకిచ్చింది. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకి 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం మీరు 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఇంతకుముందు మెయిల్‌కి టికెట్ నంబరు తప్ప ఏమీ రాలేదు. ఈసారి గడువు దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఇక్కడే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. కొన్నవాళ్లు ఉండే ఊళ్లోనే వేసుకోవచ్చని ఆ చట్టమే చెబుతోంది.

జంతువుల పేర్లు మాత్రం నెల దాకా ఆపకండి. డాక్టరు గారు రెండోసారి వేరే మాంసంతో మొదలుపెట్టడానికి దానికోసమే ఆగారు.

ఇట్లు,
మీ కొనుగోలుదారు

జతపరిచినవి: ఇన్‌వాయిస్‌లు, పాత, కొత్త ప్యాకెట్ల ఫోటోలు, మల్లి ఫోటోలు, పరీక్షల రిపోర్టులు, డాక్టరు గారి చీటీ, మీ చాట్ స్క్రీన్‌షాట్లు, స్ప్రే సలహా ఇచ్చిన కాల్ రికార్డింగ్.