వంగ నారు తీసుకెళ్లినవాళ్లు ఆకులు ఒక్కసారి తిప్పి చూడండి

నమస్తే అండీ. గత మూడు వారాల్లో మన నర్సరీలో వంగ నారు కొన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

పోయిన వారం ఒక అమ్మగారు మిద్దెతోట నుంచి ఫోటో పంపారు. వంగాకు మీద చుక్కల పురుగు. "అక్షింతల పురుగే కదా?" అని అడిగారు. షాపులో రద్దీగా ఉంది, ఫోటో సరిగ్గా చూడకుండానే "అవునమ్మా, మొక్క రసం పీల్చే పేనుబంక పురుగులను తింటుంది, ఉండనివ్వండి" అన్నాను. నాలుగు రోజులకు ఇంకో ఫోటో వచ్చింది. ఆకులు జల్లెడలా అయిపోయాయి. అది ఎపిలాక్నా పెంకు పురుగు. అక్షింతల పురుగుల కుటుంబంలోదే, కానీ తినేది ఆకునే. వెంటనే మా ట్రేలు వెతికితే రెండింట్లో గుడ్లు దొరికాయి. అంటే మా నారుతోనే కొందరి ఇళ్లకు వెళ్లి ఉండాలి. తప్పు నాది, క్షమించండి.

రెండిటికీ తేడా చెప్తాను. మేలు చేసే అక్షింతల పురుగు వీపు నున్నగా మెరుస్తుంది. ఎపిలాక్నా వీపు మీద సన్నని నూగు ఉంటుంది, మెరుపు ఉండదు. రంగు ఇటుక పొడిలా మాసినట్టు ఉంటుంది. వంగ మీద ఎక్కువగా కనిపించే రకానికి 28 చుక్కలు. దాని పిల్ల పురుగు పసుపు రంగులో, ఒళ్లంతా కొమ్మలు చీలిన ముళ్లతో, ఆకు అడుగున నెమ్మదిగా గీకుతూ ఉంటుంది. మంచి పురుగు పిల్ల అయితే పొడవుగా, నల్లగా, పేనుబంక మధ్య చురుగ్గా తిరుగుతుంది. గుడ్లు మాత్రం చూసి నమ్మకండి, రెండిటివీ పసుపు గుంపులే. ఆకు ఈనెలకు మధ్య పచ్చదనం పోయి తెల్లటి పొర మిగిలిందా అన్నది చూడండి, అదే అసలు గుర్తు.

పది ఇరవై మొక్కలకు చేతితో ఏరడాన్ని మించిన మందు లేదు. పొద్దున్నే ఏరి సబ్బు నీళ్లలో వేయండి, గుడ్లున్న ఆకు ముక్క తుంచేయండి. తర్వాత లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం ఆకు అడుగు తడిసేలా కొట్టండి. వారానికి మళ్లీ ఒకసారి. కాకర, టమాటా, బంగాళాదుంప ఉంటే వాటినీ చూడండి. ఉబ్బి, గోధుమ రంగుకు తిరిగి, కదలకుండా అతుక్కుపోయిన పిల్ల పురుగు కనిపిస్తే మాత్రం తీయకండి. దాని లోపల చిన్న కందిరీగ జాతి పిల్లలు పెరుగుతూ ఉండొచ్చు, అవి మన పక్షం. కూరగాయలు ఇంట్లో వండుకునేవే కాబట్టి ఘాటు మందులు అడిగినా నేను ఇవ్వను.

మా షెడ్డు వెనక కామంచి, ఉమ్మెత్త పెరిగిపోయాయి. ఈ పురుగు వాటి మీదా బతుకుతుంది. వాటిని పీకించేశాను. రెండు ట్రేలూ తీసేశాను. మిగతా నారు రెండు వారాలు కనిపెట్టి చూశాకే అమ్ముతాను.

మొక్క దెబ్బతిన్నవాళ్లు బిల్లు లేకపోయినా పర్వాలేదు, ఫోటో చూపించండి, కొత్త నారు వచ్చాక ఉచితంగా ఇస్తాను. వద్దనుకుంటే డబ్బులు వెనక్కి ఇస్తాను. అనుమానం ఉన్న ఆకును మూసిన కవర్లో పెట్టి ఆదివారం పొద్దున తీసుకురండి, ఈసారి భూతద్దం పెట్టుకుని మరీ చూస్తాను.