మొండి ఎగ్జిమా అని వదిలేయకండి

సంపాదకులకు,

చర్మ క్యాన్సర్లపై మీ వ్యాసంలో చర్మ లింఫోమా, అంటే లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాల వల్ల చర్మంలో వచ్చే క్యాన్సర్, ఊసే లేదు. పాథాలజిస్టుగా నా బల్ల మీదికి ఇవి చాలాసార్లు ‘తగ్గని ఎగ్జిమా’ పేరుతోనే వస్తుంటాయి. మైకోసిస్ ఫంగాయిడిస్ అనే రకంలో దారితప్పిన టీ లింఫోసైట్లు చర్మం పైపొరలోకి చేరతాయి. మైక్రోస్కోపు కింద వాటి కేంద్రకం మెదడులా ముడతలు పడి కనిపిస్తుంది. అదొక్కటే చూసి తేల్చేయలేం. మామూలు వాపులోనూ అలాంటివి ఒకటీ అరా ఉంటాయి. అందుకే ఆ కణాల మీద సీడీ4 అనే ప్రొటీన్ ఉండి, సీడీ7 అనే ప్రొటీన్ మాయమైందా అని రంగులద్ది చూస్తాం. టీసెల్ రిసెప్టర్ జన్యు పరీక్షతో అవన్నీ ఒకే కణం సంతానమా అని ఆరా తీస్తాం; అలా ఉంటే క్యాన్సర్ అనుమానం బలపడుతుంది. అప్పటికీ తేలకపోతే మళ్లీ బయాప్సీయే. రోగికి టెన్షనే, కానీ తప్పదు. బయాప్సీకి ముందు కొన్ని వారాలు స్టెరాయిడ్ పూత ఆపమని డాక్టరు చెబితే దయచేసి ఆపండి. పూత రాసిన చోట ఆ కణాలు పలచబడి మాకు దొరకవు.

– ఒక పాథాలజిస్టు