బావా, కోడలి డాన్సు సంగతి

బావా,

ఇక్కడ అందరం బాగుండాము. అమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమనింది. అనంతపురం నుంచి ఎవరన్నా బెంగళూరుకు వస్తా ఉంటే చెనిక్కాయలు పంపిస్తా.

ఇంక నువ్వు రాసిన సంగతి. మా కోడలు పిల్లకు బడి వార్షికోత్సవంలో సినిమా పాటకు డాన్సు పెట్టినారని, చెల్లెమ్మ వద్దంటా ఉందని, నువ్వేమో "రెండో తరగతి పిల్లకు ఏం తెలుస్తుందిలే" అంటివని. పది మందిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగినా ఇదే చెప్తా: నేను చెల్లెమ్మ పక్క. కాకపోతే ఆమె చెప్పే కారణం ఒప్పుకోను.

సినిమా పాట బడిలోకే రాగూడదు అంటే ఎట్ల? మీ నాయన చెక్కభజన మర్చిపోయినావా? దేవుడి మీద పాట, బాణీ మాత్రం సినిమాది. ఊర్లో ఎవరూ తప్పన్లేదు. బాణీ యాడిదైనా మాటలు వాళ్లవి, గొంతు వాళ్లది. పాతదైతే మంచిది అనే లెక్క కూడా కుదరదు. 1408లో పుట్టిన తాళ్లపాక అన్నమయ్య కీర్తనల్లో మనకు దొరికినవి పన్నెండు వేలకు పైనే. వాటిలో చాలా భాగం శృంగారమే. అవి ఒకటో తరగతికి ఎవరూ నేర్పరు కదా. లాలిపాట, గొబ్బిపాట ఏరుకుంటాం. సినిమా పాటనూ అట్లే ఏరుకోవాల.

నా బడి పిల్లలకు పాట ఏరేటప్పుడు నేను ఒకటే చూస్తా. ఆ పాటను బోర్డు మీద రాసి, ప్రతి మాటకూ పిల్లలకు అర్థం చెప్పగలనా? నోరు తడబడే మాట ఒక్కటి ఉన్నా ఆ పాట పక్కన పెడతా. పిల్లలకు తెలియదు అంటావు. మాట అర్థం తెలియకపోవచ్చు బావా, నడుము తిప్పితే ఈలలు పడతాయని మాత్రం ఆ పూటే తెలిసిపోతుంది. ఏడేళ్ల పిల్లకు బడి నేర్పే సంగతేనా అది? టీవీల్లో ఇది ముదిరి, సినిమాల్లో పెద్దోళ్లు వేసే స్టెప్పులు పిల్లలతో వేయించొద్దని 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ ఛానళ్లకు సలహా ఇచ్చింది. టీవీకే వద్దన్నది బడిలో ఎట్ల సరిపోతుంది?

ఇంకో బాధ ఉంది నాకు, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఈ బడి కార్యక్రమాల్లో పిల్లలు అసలు పాడరు! పెట్టెలోంచి పాట వస్తుంది, వీళ్లు పెదవులు కదిలిస్తారు. ఆ పాట ఏమో పెద్దోళ్ల శ్రుతిలో ఉంటుంది. ఆరేడేళ్ల పిల్లలకు హాయిగా పలికేవి ఐదారు స్వరాలే. ఆ పాటతో పాటు పాడబోతే కిందికి దిగలేక, పైకి పోలేక అరుస్తారు. అరవడమే పాడటం అనుకుంటారు. శబ్దం సంగతి చెప్పనక్కర్లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం బడి చుట్టూ వంద మీటర్ల దాకా ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించొచ్చు, అట్ల ప్రకటించిన చోట పగలైనా 50 డెసిబెల్స్ దాటకూడదు. మనమే అక్కడికి డీజే బాక్సులు మోసుకుపోతాం.

అందుకే నా క్లాసులో పెట్టె పెట్టను. పిల్లలకు బాగా తెలిసిన సినిమా బాణీ ఒకటి తీసుకుని, శ్రుతి మార్చి నేనే పాడతా. మాటలు వాళ్లను రాయమంటా. పోయినేడు నాలుగో తరగతోళ్లు చెనిక్కాయ పంట మీద రాసినారు. విత్తనం వేసింది, వాన రాలేదని నాయన ఆకాశం చూసింది, కాయలు ఒలిచేటప్పుడు అవ్వ చెప్పిన కథ, అన్నీ వచ్చినాయి. మడకశిర దిక్కు నుంచి వచ్చిన పిల్లోడు ఒక కన్నడ మాట పెట్టినాడు, ప్రాస కుదిరింది, అందరూ దాన్నే గట్టిగా పాడినారు. ఎప్పుడూ నోరు విప్పని ఒక పాప రెండో చరణం ఒక్కతే పాడింది. ఆరోజు నాకు ఎంత సంతోషమైందో ఎట్ల రాసేది! సినిమా బాణీ లేకపోతే ఆ పాప పాడేది కాదని నేను నమ్ముతా. ఇంట్లో, ఆటోలో, పెండ్లిలో వినే పాటను బడి ఛీ అంటే, ఆ పిల్లలకు తమ ఇల్లే తక్కువ అనిపిస్తుంది.

కాబట్టి కోడల్ని డాన్సు మాన్పించొద్దు. స్నేహితులంతా వేదిక మీద ఉంటే తను కింద కూర్చోవడం ఆ వయసుకు పెద్ద శిక్ష. ఇద్దరూ పోయి టీచరమ్మతో మెల్లగా మాట్లాడండి. పాట ఎంచింది ఆమే అయ్యుండదు, పైనుంచి చెప్పింటారు, ఆమెను తప్పు పట్టొద్దు. పాట మార్చమనండి, కుదరకపోతే ఆ రెండు మూడు స్టెప్పులన్నా మార్చమనండి. ఒక్క పాటన్నా పిల్లల గొంతుతో పాడించమని అడగండి, తోడుగా ఒక డోలక్ చాలు.

ఆదివారం రెండు బాణీలు పాడి ఫోన్లో పంపిస్తా. వాటికి మాటలు కోడల్నే కట్టమను, నువ్వు మధ్యలో సాయం చేయొద్దు. టీచరమ్మ ఏమనిందో మాట్లాడిన రోజే నాకు ఫోన్ చెయ్యి.

నీ బావ