పేజీ నిండా సిగరెట్ బొమ్మేనా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద మీరు వేసిన పేజీ గురించి ఈ ఉత్తరం. నాలుగు రోజులు ఊరుకున్నాను, ఇక ఆగలేక రాస్తున్నా. పేజీలో సగం సిగరెట్ బొమ్మే! మా చెల్లెలి ఇంట్లో సిగరెట్ ముట్టినవాళ్లే లేరు, అయినా చెల్లెలికి 42 ఏళ్లకే ఆ జబ్బు వచ్చింది. మీ పేజీ చూసిన పక్కింటావిడ 'అయితే మొగుడు చాటుగా కాలుస్తాడేమో' అని ఆరా తీసింది. చాలా ఉపకారం చేశారు.

ఇలాంటివాళ్లకి అసలు తెలియాల్సిన సంగతి మీరు రాయనే లేదు. కొందరి క్యాన్సర్ కణాల్లో రెండో క్రోమోజోములో చిన్న ముక్క తెగి తలకిందులుగా అతుక్కుంటుంది. అప్పుడు ఆల్క్ అనే జన్యువు ఇంకో జన్యువుతో కలిసిపోయి కణాన్ని ఆగకుండా పెంచుతుంది. జపాన్ శాస్త్రవేత్తలు 2007లోనే బయటపెట్టారు. వందలో ముగ్గురి నుంచి అయిదుగురికి ఉంటుందట, అందులో పొగ తాగనివాళ్లే ఎక్కువ. 2011లో అమెరికాలో ఆ జన్యువు పనిని అడ్డుకునే క్రిజోటినిబ్ మాత్రకి అనుమతిస్తూ, ఆ జన్యువు తెగిందో లేదో పట్టుకునే ఫిష్ అనే పరీక్షకీ అప్పుడే అనుమతిచ్చారు. జన్యువుకి అటూ ఇటూ ఎరుపు, ఆకుపచ్చ రంగులు అంటిస్తారు. బాగుంటే రెండూ పక్కపక్కనే ఉంటాయి, తెగితే విడిపోయి కనిపిస్తాయి. కనీసం 50 కణాలు లెక్కపెట్టి, వందకి 15కి తగ్గకుండా విడిపోయి ఉంటే పాజిటివ్ అంటారు.

చెప్పడానికి తేలికే. 'ఫిష్ చేస్తారా' అని అడిగితే ఆసుపత్రి కౌంటర్లో కుర్రాడు చేపల మార్కెట్ అటు అన్నట్టు చూశాడు! పరీక్ష కోసం క్యాన్సర్ గడ్డ ముక్క తీసిన చోట ఫిష్ లేదు, చేసేచోటికి ఆ ముక్కని దాచిపెట్టిన మైనం బ్లాకు పంపమంటే అది ఎక్కడుందో వెతకడానికే తొమ్మిది రోజులు, తీరా దొరికాక అందులో ముక్క అయిపోయింది, ముందే వేరే పరీక్షలకి కోసేశామన్నారు. మళ్లీ సూది, మళ్లీ టెన్షన్, మళ్లీ డబ్బు. చివరికి 50 కణాల్లో 31 విడిపోయాయని రిపోర్టు వచ్చింది, మాత్రలు మొదలుపెట్టారు. ఆ పోయిన నెలన్నర ఎవరిస్తారు?

కొత్త మిషను కొంటే రిబ్బన్ కత్తిరించే ఫొటో మీరే మొదటి పేజీలో వేస్తారు. దాన్ని నడిపే టెక్నీషియన్ ఉన్నాడా లేడా అని ఆర్నెల్లకి ఒకసారైనా అడిగారా? అధికారులైతే సరేసరి, వాళ్లకి భవనం కనిపిస్తే చాలు.

ఈ పరీక్ష ఏ ఊళ్లో చేస్తారో, ఎంత అవుతుందో, ఆరోగ్యశ్రీలో వస్తుందో రాదో కనుక్కొని వేయండి. ఆ సిగరెట్ బొమ్మ తీసేస్తే చోటు సరిపోతుంది.

మీ పాత చందాదారు